కథలో పడకగది: కొన్ని జ్ఞాపకాలు

మా నాన్న వరంగల్ ఆజంజాహీ మిల్లులో గుమాస్తాగా పనిచేసేవారు. నిజాం పాలనలో బడికి వెళ్ళినవారు కనుక ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. మట్టెవాడలోని మా ఇంట్లో చెక్క బీరువా పై అరలో ఆయన ఉర్దూ పత్రికలు, కింది అరలో అమ్మ చదువుకునే శతకాలు, భాగవతం ఉండేవి. సాయంత్రం మిల్లు సైరన్ మోగిన తరువాత నాన్న, ఆయన స్నేహితులు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ మాట్లాడుకునే మాటల్లోనే నేను మొదటిసారి ఉర్దూ కథకురాలు ఇస్మత్ చుగ్తాయీ పేరు విన్నాను. ఆమె రాసిన 'లిహాఫ్' (రజాయి) కథ 1942లో అచ్చయిందనీ, అది అశ్లీలమని కేసు పెట్టి ఆమెను లాహోరు కోర్టుకు రప్పించారనీ, అదే సమయంలో మరో ఉర్దూ కథకుడు మంటో మీద కూడా మరో కథకు కేసు నడిచిందనీ, చివరకు కథలో ఫలానా మాట బూతు అని ఎవరూ వేలు పెట్టి చూపలేక కేసు వీగిపోయిందనీ నాన్న ఎంతో ఇష్టంగా చెప్పేవారు. నేను తలుపు చాటున నిలబడి వినేదాన్ని. ఆయన నన్ను చూసి కూడా గొంతు తగ్గించలేదు. ఒక స్నేహితుడు "పోరి ఉన్నది భాయ్" అంటే, "ఉండనీ, కథే కదా" అన్నారు.

ఆ కథను చాలా ఏళ్ళ తరువాత తెలుగులో చదివాను. ఒక బేగం, ఆమె ఒళ్ళు పట్టే దాసి, రాత్రివేళ గోడమీద ఏనుగు నీడలా కదిలే రజాయి, దానిని చూసి భయపడే ఒక చిన్నపిల్ల. రజాయి కింద ఏం జరుగుతోందో ఆ పిల్లకు తెలియదు కనుక కథ కూడా చెప్పదు. అయినా మొగుడు పట్టించుకోని బేగం ఆకలి, పిల్ల బెదురు రెండూ మనకు పూర్తిగా అందుతాయి. కథలో శృంగారం అవసరమా అని నన్ను అడిగినవారందరికీ నేను ముందుగా ఆ పిల్ల గురించే చెబుతూ వచ్చాను. ఆ రజాయిని తీసేస్తే కథే లేదు. రజాయిని పూర్తిగా ఎత్తేసినా కథ లేదు.

నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో వరంగల్ చౌరస్తా నుంచి స్టేషన్‌కు వెళ్ళే దారిలో అద్దె పుస్తకాల షాపు ఒకటి ఉండేది. రెండు రూపాయలు డిపాజిట్ కడితే రోజుకు పది పైసల అద్దెకు డిటెక్టివ్ నవలలు, వారపత్రికల సీరియళ్ళను చింపి కుట్టించిన బైండ్లు ఇచ్చేవారు. ఆడపిల్లలు షాపు మెట్లు ఎక్కకూడదని ఇంట్లో ఎవరూ చెప్పలేదు గాని, ఎక్కేవాళ్ళు కూడా లేరు. పుస్తకాలు తెచ్చేది మా అన్నయ్య. షాపాయన ప్రతి పుస్తకానికీ దళసరి ఖాకీ అట్ట వేసి, వీపు మీద సిరాతో నంబరు రాసేవాడు. బల్ల కింద వేరే వరుస ఒకటి ఉండేది. ఆ వరుసలోని పుస్తకాలు న్యూస్‌పేపర్లో చుట్టి చేతికిచ్చేవాడని, వాటికి రోజు అద్దె ఇరవై పైసలని అన్నయ్య స్నేహితులు మాట్లాడుకుంటుంటే విన్నాను.

అలాంటి పుస్తకం ఒకటి అన్నయ్య పరుపు కింద నా చేతికి దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకోగానే అది తనంతట తానే ఒకచోట తెరుచుకుంది. అక్కడ రెండు పేజీల అంచులు నూనె చేతులతో, చెమటతో నల్లబడి, మూలలు మడతలు పడి ఉన్నాయి. పక్కన పెన్సిలుతో ఎవరో గీత గీశారు, ఇంకెవరో మరో పేజీ నంబరు రాసి పెట్టారు. ఆ రెండు మూడు చోట్లు తప్ప మిగతా పుస్తకమంతా కొత్తగా, చదవని పుస్తకంలా తెల్లగా ఉంది. నేను మొదటి పేజీ నుంచి చదివాను. అందులో హంతకుడు ఎవరో, హత్య ఎందుకు జరిగిందో ఏదీ ఆ నల్లబడిన పేజీలతో ముడిపడి లేదు. ఆ పేజీల్లోని స్త్రీకి ఒళ్ళుంది, దాని కొలతలున్నాయి, పలచటి చీర ఉంది. ఆమెకు చలి వేసిందా, భయం వేసిందా, అతనంటే ఇష్టముందా, రేపు పొద్దున ఆమె ఎక్కడికి వెళ్తుంది అన్నది ఎక్కడా లేదు. తరువాత చదివిన మరో పుస్తకంలో అదే వర్ణన, దాదాపు అవే మాటల్లో, వేరే పేరుతో కనిపించింది. ఆ వయసులో నాకు సిగ్గు కలగలేదని చెప్పను, కుతూహలం లేదనీ చెప్పను. కానీ అన్నిటికంటే ఎక్కువగా నన్ను పట్టి పీడించింది ఒంటరితనం. ఆ గదిలో నాలాంటి మనిషి లేదు. ఆడది ఉంది గాని, లోపల ఎవరూ లేరు.

ఇదే వయసులో, సంక్రాంతి సెలవులకు హుజూరాబాద్ దగ్గరున్న అమ్మమ్మ ఊరికి వెళ్ళేవాళ్ళం. అప్పటికి చెరువు కింద యాసంగి నాట్లు మొదలయ్యేవి. దమ్ము చేసిన మడిలో పాతిక మంది ఆడవాళ్ళు చీరలు మోకాళ్ళపైకి ఎగదోపి, వరుసగా వంగి, ఎడమ చేతిలో నారు కట్ట పట్టుకుని కుడి చేతి వేళ్ళతో బురదలో నాటుతూ వెనక్కి వెనక్కి నడిచేవారు. పొద్దున చలికి నీళ్ళు కోసేస్తుంటే పాట అందుకునేవారు. ఒకామె పాడితే మిగతావాళ్ళు ఎత్తుకోవాలి. ఆ పాటల్లో మరిది, మామ, పట్వారి, దొర కొడుకు అందరూ వచ్చేవారు. పాట ఆగితే మాటలు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లను రాత్రి నిద్ర పట్టిందా అని ఒక ముసలామె అడిగితే వరుసంతా నవ్వులు. గట్టు మీద కూర్చున్న నన్ను చూపించి ఎవరో "పట్నపు పోరి ఇంటాందే" అంటే, ఆ ముసలామె తల ఎత్తకుండానే "ఇననీ, రేపు దానికి మాత్రం గీ బతుకు రాదా" అంది.

వాళ్ళ మాటల్లో దాపరికం లేదు. మొగుడి చేతుల గురించి, నెలసరి గురించి, కాన్పు అయిన ఎన్నాళ్ళకు మళ్ళీ పక్కకు పిలిచాడన్నదాని గురించి, ఎద్దుకు తవుడు పెట్టడం గురించి మాట్లాడిన గొంతుతోనే మాట్లాడుకునేవారు. ఒకరోజు అలా నవ్వులు నడుస్తుండగానే ఒక నడివయసు మనిషి, తన మొగుడు కల్లు తాగి వచ్చిన రాత్రుల్లో తాను గోడవైపు తిరిగి, గోడకు పెట్టిన జాజు పెచ్చులు గోటితో గీకుతూ పడుకుంటానని చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఓదార్చనూ లేదు. నాటు ఆగలేదు. కొంతసేపటికి పక్కనున్నామె తన చేతిలోని నారు కట్టలో సగం విరిచి ఆమెకు అందించింది. అద్దె పుస్తకంలోని నాలుగు పేజీల వర్ణనలో లేని మనిషి ఆ గోడ పెచ్చుల మాటలో ఉంది. అప్పుడు దీన్ని ఇలా మాటల్లో పెట్టగలిగే వయసు నాకు లేదు. ఆ రెండింటికీ పొత్తు లేదని మాత్రం గట్టిగా తెలిసింది.

మన సమాజం ఈ విషయాలు మాట్లాడదని, పాశ్చాత్యుల నవలలు చదివాకే మనవాళ్ళకు ఇవి తెలిశాయని అనేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. కాముని పున్నమికి మా వాడలో మగపిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాడిన జాజిరి పాటలు, పెళ్ళిలో వియ్యపురాళ్ళను ఆటపట్టిస్తూ పాడిన పాటలు వినని తెలంగాణ ఊరు ఆ రోజుల్లో లేదు. మాట్లాడలేదు అన్నమాట అచ్చుకే వర్తిస్తుంది. వారపత్రికల సీరియళ్ళలో పెళ్ళయిన జంట గదిలోకి వెళ్ళగానే దీపం ఆరిపోయేది, లేదా వాక్యం చివర వరుసగా చుక్కలు పడేవి, తరువాతి పేరాలో తెల్లవారేది. మా తరం ఆడపిల్లలు పెళ్ళికి ముందు చదివినదంతా ఈ చుక్కలే. పొలాల్లో పెరిగినవారికి ఆ ముసలామెలాంటివారు ఉన్నారు. పట్నంలో గది తలుపులు మూసుకుని చదువుకున్నవారికి చుక్కలు, లేకపోతే బల్ల కింద వరుస. మధ్యలో ఏమీ లేదు. ఆ మధ్యది కథకులు ఇవ్వవలసింది.

1970ల చివర్లో ఎం.ఏ. తెలుగులో చేరాక, ఓరుగల్లునే రంగస్థలంగా చేసుకున్న 'క్రీడాభిరామం' మాకు పాఠ్యమయింది. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ప్రచారంలో ఉన్న ఈ వీథి నాటకాన్ని శ్రీనాథుడిదేనని వాదించినవారూ ఉన్నారు. దీనికి మూలమైన, రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామం' మనకు దొరకలేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు తెల్లవారింది మొదలు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకు దొరికే కమ్మని భోజనం, పల్నాటి వీరుల కథ పాడేవారు, కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లు, ప్రతాపరుద్రుడి కాలపు వేశ్య మాచల్దేవి చిత్రశాల అన్నీ చూస్తారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసేటప్పుడు కాకతీయుల నాటి జీవితానికి దీన్ని ఎంతగా వాడుకున్నారో ఆ పుస్తకం చదివినవారికి తెలుసు. అదే కావ్యంలో స్త్రీల ఒళ్ళు చూసి ఇద్దరు మగవాళ్ళు చెప్పుకునే పద్యాలు అడుగడుగునా ఉన్నాయి. పండితులు ఎందరో వాటిని చూసి ఈ కావ్యం బూతు అన్నారు.

తరగతిలో మేం నలుగురం ఆడపిల్లలం. మా సారు ఆ పద్యాలను దాటేయలేదు. ప్రతిపదార్థం చెప్పి, పుస్తకం బల్ల మీద పెట్టి, "ఈ పద్యంలో కళ్ళు ఎవరివో చెప్పండి" అని అడిగారు. మంచనశర్మవి, అని ఎవరో అన్నారు. "మరి ఆమె ఏం చూస్తున్నది?" ఆమె ఏమీ చూడటం లేదు. ఇద్దరు విటులు నగరంలో దొరికినవన్నీ ఎలా చూస్తారో అలా చూపించడమే ఆ నాటకం పని కనుక ఆ పద్యాలు దానికి అవసరమేననీ, వాళ్ళ చూపు తెలియకపోతే ఆ ఓరుగల్లు మనకు తెలియదనీ, కానీ ఆ చూపును లోకమంతటి చూపుగా తీసుకుంటే మాత్రం మనం మోసపోతామనీ ఆయన చెప్పారు. ఆ తరువాతి వారం తరగతికి 'రాధికా సాంత్వనము' తెచ్చారు. అది మా పాఠ్యం కాదు. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని రాసిన ఆ కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయించారు. వీరేశలింగం పంతులు అంతటివారు దాన్ని నిందించారు. ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. మద్రాసు రాష్ట్ర ప్రధానిగా టంగుటూరి ప్రకాశం గారి చొరవతో ఆ నిషేధం తొలగింది.

అందులో రాధ తానే పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. తొలిరాత్రి ఎలా మసలుకోవాలో పిల్లకు చెబుతుంది, పిల్ల సుకుమారి, మెల్లగా చూసుకోమని కృష్ణుడికీ చెబుతుంది. తరువాత తట్టుకోలేక అసూయతో కుమిలిపోతుంది. పెంచిన తల్లిగా, ప్రియురాలిగా ఒకే మనిషి రెండుగా చీలిపోవడం ఆ పడకగది మాటలు లేకుండా చెప్పడానికి వీలుకాదు. సారు గడుసుగా ఏ తీర్పూ ఇవ్వలేదు. "ఇక్కడ కళ్ళు ఎవరివి?" అని మాత్రం అడిగి గంట కొట్టేదాకా మమ్మల్నే మాట్లాడనిచ్చారు. నేను ఆ రోజు తరగతిలో మాట్లాడినంత మరే రోజూ మాట్లాడలేదు.

ఇదే వాదంలోకి రామప్ప గుడి శిల్పాలను సాక్ష్యానికి పిలిచేవారు చాలామంది. 1213లో కట్టిన గుడి మీదే అవి ఉండగా కథలో ఉంటే తప్పేమిటి అంటారు. నాకు ఆ వాదం సరిపడదు. శిల్పానికి ముందూ వెనుకా లేవు, అది ఒక్క క్షణం. కథలోని మనిషికి నిన్న ఉంది, రేపు ఉంది, ఇంట్లో అత్త ఉంది, అప్పు ఉంది. రాయికి వర్తించిన న్యాయం ఆమెకు చాలదు.

ఉద్యోగంలో చేరాక హనుమకొండలో కథలు రాసే కొందరం నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కూడి, కొత్త కథలు చదివి వినిపించుకునేవాళ్ళం. కరీంనగర్ నుంచి ఒక స్నేహితురాలు బస్సులో వచ్చేది. బడిలో తెలుగు చెప్పేది, పుట్టిల్లు సిరిసిల్ల వైపు. 1980ల చివర్లో ఆమె చదివిన ఒక కథ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో నా నమ్మకమంతా ఆ కథ చుట్టూ గట్టిపడింది.

కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవాళ్ళు దుబాయికి, మస్కట్‌కు పోవడం అప్పటికే ఊరూరా మామూలయింది. ఆమె కథలో భార్య బీడీలు చేస్తుంది. తునికాకు తడిపి, కత్తెరతో కత్తిరించి, చాటలో తంబాకు పోసుకుని, వేళ్ళ మధ్య చుట్టి దారం కట్టే ఆమె వేళ్ళు రాత్రికి కూడా తంబాకు వాసన వేస్తాయి. మొగుడు మూడేళ్ళ తరువాత రెండు నెలల సెలవు మీద వస్తాడు. మొదటి రాత్రి అతను లైటు తీయడానికి తలుపు పక్కన గోడ తడుముతాడు. ఆమె ఆ స్విచ్చును ఏడాది కిందటే మంచం దగ్గరికి మార్పించింది. అతనికి తెలియదు. చీకట్లో అతను దగ్గరికి వస్తాడు గాని, ఊపిరి బిగబట్టి, మంచం కిర్రుమనకుండా, ఒక్క మాట లేకుండా, దొంగతనం చేస్తున్నట్లు. గల్ఫ్‌లోని కూలీల క్యాంపులో ఒక గదికి పన్నెండు మంది. అక్కడ ఒకరి మీద ఒకరు వేసిన ఇనుప మంచాల మధ్య, తన దుఃఖమైనా తన కోరికైనా చప్పుడు కాకుండా అణచుకోవడం అతని ఒంటికి నేర్పిన విద్య. ఆమెకది తెలియదు. తంబాకు వాసన వేసే తన చేతులంటే అతనికి ఏవగింపు కలిగిందనుకుని చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. ఆమె చేతులు తనను తాకకపోవడం చూసి, ఈ మూడేళ్ళలో ఇంకెవరో వచ్చారని అతను అనుమానిస్తాడు. ఇద్దరూ ఏమీ అడగరు. సెలవు ముగిసి అతను వెళ్ళిపోతాడు.

ఆమె చదవడం పూర్తిచేశాక గదిలో చాలాసేపు మాటల్లేవు. మాలో పెద్దవారు, నేను ఎంతో గౌరవించే కథకులు, "కథ గది తలుపు దగ్గర ఆగాలమ్మా. లోపల జరిగింది పాఠకుడు ఊహించుకుంటాడు" అన్నారు. స్నేహితురాలు మెల్లగా, "ఊహించుకోలేడు సార్. అతను ఊపిరి బిగబడతాడని ఎవరు ఊహిస్తారు?" అంది. నేను ఆ రోజు ఆమె పక్షాన మాట్లాడాను. ఇప్పటికీ ఆ పక్షాన్నే ఉన్నాను. తలుపు దగ్గర ఆగితే పాఠకుడు ఊహించుకునేది తనకు తెలిసిందే, అంటే నాలుగు సినిమాల్లో చూసిందో, అద్దె పుస్తకంలో చదివిందో. గల్ఫ్ వలస ఒక మనిషి ఒంటికి ఏం నేర్పిందో, ఆ నేర్పు ఇంటికి వచ్చి ఏం పాడుచేసిందో అతనికి తెలిసే దారి ఆ గది ఒక్కటే.

ఆమె ఆ కథను ఒక వారపత్రికకు పంపింది. కథ అచ్చయి వచ్చింది. ఆ రాత్రి మొత్తం తీసేసి, దాని స్థానంలో "ఆ రాత్రి వారిద్దరి మధ్య మౌనం రాజ్యమేలింది" అన్న ఒక్క వాక్యం ఎవరో చేర్చారు. ఆమెను అడగలేదు. స్విచ్చు పోయింది, తంబాకు చేతులు పోయాయి, క్యాంపు గది పోయింది. మిగిలింది వలస కుటుంబాల కష్టాల గురించిన ఒక మంచి వ్యాసం లాంటిది. అదే సంచికలో, రెండు పేజీల అవతల, ఒక సీరియల్‌కు వేసిన బొమ్మలో పైట జారిన స్త్రీ సగం పేజీ నిండా ఉంది. ఆ బొమ్మకు అడ్డు రాని మర్యాద ఈ కథకు అడ్డం వచ్చింది. మేమిద్దరం కరీంనగర్ బస్టాండులో ఆ పత్రిక పట్టుకుని కూర్చున్నాం. ఆమె ఏడవలేదు. "అక్కా, వాళ్ళకు బొమ్మలోని ఒళ్ళు ఫరవాలేదు. నా కథలో ఒంట్లో మనిషి ఉన్నది, అదే భయమైంది" అంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే అనుభవం కూడా ఒకటి ఉంది. కొన్నేళ్ళకు ఒక యువకుడు గడీల కాలం మీద రాసిన కథ తెచ్చి నా అభిప్రాయం అడిగాడు. దొర కూతురికి పెళ్ళి చేసి అత్తవారింటికి పంపేటప్పుడు వెంట పంపే ఆడబాప కథ అది. ఆ పిల్లలు అక్కడి గడీలో మగవాళ్ళందరికీ అందుబాటులో ఉండవలసి వచ్చేదన్నది తెలంగాణ చరిత్రలో అందరికీ తెలిసిన నిజం. అతని ఉద్దేశం మంచిది, కోపం నిజమైనది. కానీ అత్యాచారాన్ని రెండు పేజీల నిండా వర్ణించాడు. చిరిగిన రవిక, కనిపించిన ఒళ్ళు, పెనుగులాట. చదువుతున్నంతసేపూ నేను దొర నిలబడిన చోటే నిలబడి, దొర చూసిందే చూడవలసి వచ్చింది. సారు అడిగిన ప్రశ్నే నేనూ అతన్ని అడిగాను.

అమ్మమ్మ ఊళ్ళో ఒక ముసలామె ఉండేది. పదమూడేళ్ళ వయసులో ఆడబాపగా వెళ్ళి, గడీలు కూలిన తరువాత తిరిగొచ్చిన మనిషి. ఆమె తన గురించి నాకు చెప్పిన ఒకే ఒక్కసారి, మేడ మెట్ల గురించి చెప్పింది. "పదకొండు మెట్లు బిడ్డా. కందీలు పట్టుకొని ఎక్కాలె. పదకొండోది జర ఊగేది." అంతే. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ మాటలు ఆ యువకుడికి చెప్పాను. అతను కథ తిరగరాశాడు. రెండోసారి రాసిన కథలో వర్ణన లేదు, మెట్లు మాత్రం ఉన్నాయి. మొదటిదానికంటే అది చదవడం ఎంతో కష్టమైంది. కనుక ఎక్కువ రాస్తే ధైర్యమనీ, తక్కువ రాస్తే పిరికితనమనీ నేను ఎన్నడూ అనను. స్నేహితురాలి కథలో ఆ రాత్రిని దాటేయడం ఆ ఇద్దరికీ అన్యాయం. ఈ కథలో ఆ రాత్రిని చూపించడం ఆ పిల్లకు అన్యాయం.

తాకడమే లేని శృంగారం ఎంత నిండుగా ఉంటుందో తెలియాలంటే శాతవాహన రాజు హాలుడు కూర్చిన గాథాసప్తశతిని తెరవాలి. శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల మన గోదావరి ఒడ్డునే ఉంది కనుక ఆ గాథలు నాకు మా ఊరివే అనిపిస్తాయి. ఒక గాథలో బాటసారి దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నాడు, పోస్తున్న స్త్రీని ఇంకాసేపు చూడాలని వేళ్ళు ఎడం చేసి నీళ్ళు జారిపోనిస్తాడు. ఆమె కూడా ధారను సన్నం, ఇంకా సన్నం చేస్తుంది. రెండు పంక్తుల ప్రాకృత గాథలో ఇద్దరూ చూస్తున్నారు, ఇద్దరికీ కళ్ళున్నాయి. రెండు వేల ఏళ్ళ నాటి ఊరి మనుషులకు ఇచ్చిన ఈ గౌరవం బల్ల కింది పుస్తకం ఏ స్త్రీకీ ఇవ్వలేదు.

చట్టం కూడా చాలాకాలం నల్లబడిన పేజీలనే చదివింది. 1868 నాటి ఇంగ్లండు తీర్పు ఒకటి, సులభంగా చెడిపోయే మనసు మీద రాతకు ఉండే ప్రభావాన్నే అశ్లీలానికి కొలమానం చేసింది. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో మన సుప్రీంకోర్టు ఒక ఆంగ్ల నవలను అమ్మిన పుస్తక వ్యాపారికి పడిన శిక్షను సమర్థించినప్పుడు ఆ కొలమానాన్నే చాలావరకు తీసుకుంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో దాన్ని వదిలిపెట్టి, సందర్భాన్నీ సమకాలీన సమాజపు ప్రమాణాలనూ చూడాలని చెప్పింది. కథ రాసేవారికి ఇది చిన్న ఊరట కాదు. సందర్భం లేకుండా కథ లేదు.

ఈ మధ్య హనుమకొండలో కథలు రాసే పిల్లలతో కూర్చున్నప్పుడు, ఫోన్లో సమస్తం దొరుకుతున్న ఈ రోజుల్లో కథలో అది ఎందుకు టీచర్ అని ఒక అబ్బాయి అడిగాడు. సరైన ప్రశ్నే. ఫోన్లో దొరుకుతున్నది ఆ బల్ల కింది వరుసే, అద్దె కూడా లేకుండా. పదమూడేళ్ళ పిల్లవాడికి అది ముందు చేరి, ప్రేమ తరువాత చేరుతున్నది. భార్య గోడవైపు ఎందుకు తిరిగి పడుకుందో ఆ పిల్లవాడికి రేపు ఎవరు చెబుతారు? నాటు వేసే ఆడవాళ్ళ వరుసలు ఇప్పుడు ఊళ్ళలో పలచబడ్డాయి, ఆ పాటలు పాడేవారూ వెళ్ళిపోయారు. బడిలో చెప్పరు, ఇంట్లో చెప్పరు. కథ కూడా తలుపు దగ్గరే నిలబడితే వాడికి మిగిలేది ఆ ఫోనే. అందుకే నా కాలంకంటే ఈ కాలంలోనే కథకుడు ఆ గదిలోకి వెళ్ళవలసిన అవసరం ఎక్కువైందని నేను నమ్ముతున్నాను. వెళ్ళేటప్పుడు లోపలున్న ఇద్దరి పేర్లు, వారి రోజంతా, వారి చేతుల వాసన తెలిసి ఉండాలి.

స్నేహితురాలు ఉద్యోగ విరమణ తరువాత తన కథలను సొంత ఖర్చుతో పుస్తకంగా వేసుకుంది. సంచికలో మాయమైన ఆ రాత్రిని చేతిరాత ప్రతి చూసి యథాతథంగా చేర్చింది. కరీంనగర్‌లో జరిగిన చిన్న సభ ముగిశాక, ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషి ఆమె దగ్గరికి వచ్చి, పుస్తకంలో ఆ పేజీని వేలితో పట్టి ఉంచి, "గిది మీకెట్ల తెలిసింది మేడం?" అని అడిగాడు. బీడీలు చేసే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వారు చెప్పింది విన్నానని, అటువైపు సంగతి మాత్రం తానే ఆలోచించి రాశానని ఆమె చెప్పింది. అతను అటువైపు సంగతి కూడా సరిగ్గానే ఉందన్నాడు. ఇంటామెకు చదువు రాదని, తానే చదివి వినిపిస్తానని చెప్పి, పుస్తకానికి డబ్బులిచ్చి పట్టుకెళ్ళాడు.